వీధిలో తిరిగే గ్యాసర్: 1955 షెవీని కట్టుకోవడం ఎలా

మా అమ్మ వీడియో కాల్‌లో నా కారును మొదటిసారి చూసి అడిగిన మాట ఇది: "వెనక చక్రాల్లో గాలి పోయిందేమో చూసుకోరా, ముందు అలా లేచిపోయిందేంటి?" గాలి పోలేదమ్మా, కావాలనే అలా కట్టుకున్నాను అన్నాను. కాసేపు చూసి, "వెనక బరువెక్కి కాడి లేచిన ఎడ్లబండిలా ఉంది" అని తేల్చేసింది.

ఇలా ముక్కెత్తిన పాత రకం రేసు కార్లని గ్యాసర్లంటారు. గ్యాసర్ గురించి ఇంత సరైన మాట డాలస్ చుట్టుపక్కల ఏ గ్యారేజీలోనూ నేను వినలేదు. బండి తోలేవాడికి కాడి లేవడం తప్పు. ముందుకీ వెనక్కీ బరువు తూగేలా బస్తాలు సర్దుకుంటాడు. 1950ల్లో, 60ల్లో అమెరికాలో డ్రాగ్ రేసులు (నిలబడ్డ చోటి నుంచి తిన్నగా దూసుకుపోయే పందేలు) ఆడిన కుర్రాళ్లకి మాత్రం కాడి లేవడమే కావాల్సి వచ్చింది. అప్పటి టైర్లకి పట్టు తక్కువ. యాక్సిలరేటర్ తొక్కగానే బరువంతా వెనక చక్రాల మీదకి వచ్చి పడాలి. అందుకని కారు ముక్కు పైకెత్తారు.

గ్యాస్ అంటే ఇక్కడి వాడుకలో పెట్రోలు. 1951లో వాలీ పార్క్స్ స్థాపించిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ (అందరూ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అంటారు) నైట్రోమీథేన్ లాంటి మందులు కాకుండా మామూలు పెట్రోలు మీద పరిగెత్తే కార్లకి వేరే తరగతులు పెట్టింది. ఇంజన్ సైజుతో పోలిస్తే కారు బరువెంత అన్నదాన్ని బట్టి ఎ/గ్యాస్, బి/గ్యాస్ అని విడదీసేవారు. ఆ తరగతుల్లో ఆడే కార్లకి గ్యాసర్లు అని పేరు పడింది. 1941 విల్లీస్ కంపెనీ కూపేలతో (రెండు తలుపుల కార్లు) స్టోన్-వుడ్స్-కుక్ జట్టు, బిగ్ జాన్ మజ్మానియన్, 1933 విల్లీస్‌తో ఒహాయో జార్జ్ మాంట్‌గొమరీ అప్పట్లో హీరోలు. ఎవరి కారులో ఎవరి క్యామ్‌షాఫ్ట్ (ఇంజన్ వాల్వులు తెరిచే కడ్డీ) ఉందో చెప్పుకుంటూ ఇస్కెండేరియన్, ఎంగిల్ కంపెనీలు ప్రకటనల్లో ఒకరినొకరు దెప్పిపొడుచుకునేవి. 1970ల మొదటికల్లా ఫన్నీ కార్లు అనే కొత్తరకం డ్రాగ్ కార్ల జోరులో ఈ ముచ్చట ముగిసింది.

ఇక్కడ రాస్తున్నది రేసు కారు గురించి కాదు. నంబర్ ప్లేటు పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే కాఫీకి వెళ్లొచ్చే కారు గురించి. చాలామంది ఇంజన్‌తో మొదలుపెడతారు. ఇంజన్‌లోకి గాలి తోసే క్రోమ్ పూసిన బ్లోయర్ హుడ్‌లోంచి బయటికి పొడుచుకొస్తే ఫొటో బాగుంటుంది కదా! డబ్బంతా అక్కడ అయిపోయాక, స్టీరింగ్‌కీ బ్రేకులకీ సర్దుబాట్లు మొదలవుతాయి. నేను చెప్పే వరస దానికి తలకిందులు. ముందు ఇరుసు, తర్వాత స్టీరింగ్, ఆ తర్వాత బ్రేకులు. ఇంజన్ ఆఖర్న.

1. బండిని ఎంచుకోవడం

విల్లీస్ అసలు బాడీలు ఇప్పుడు సామాన్యుడికి అందవు. ఫైబర్‌గ్లాస్ నకళ్లు దొరుకుతాయి గానీ వాటి రిజిస్ట్రేషన్ తంటా వేరు. ఫోర్డ్ ఆంగ్లియా అనే బుల్లి కారు ముద్దుగా ఉంటుంది, కానీ అందులో మనిషి పట్టడమే గగనం. నా ఓటు 1955 షెవ్రొలేకి, ముద్దుగా షెవీ. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 115 అంగుళాలు, ఇంజన్ గదిలో చోటుకి కొదవ లేదు. పేరుమోసిన స్మాల్ బ్లాక్ వి8 ఇంజన్ పుట్టింది కూడా ఆ ఏడాది షెవ్రొలేల్లోనే. 6 వోల్టుల కరెంటు పోయి 12 వోల్టులు వచ్చిందీ అప్పుడే, కాబట్టి వైరింగ్ గొడవ తక్కువ. 1955, 56, 57 మూడింటినీ కలిపి ట్రై-ఫైవ్ అంటారు, విడిభాగాలు కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి.

అందులోనూ రెండు తలుపుల సెడాన్ చూసుకోండి. తలుపుల మధ్య నిలువు స్తంభం ఉన్నది. హార్డ్‌టాప్ చూడ్డానికి అందంగా ఉంటుంది, ధర ఎక్కువ, బాడీ గట్టిదనం తక్కువ. 150 మోడలో 210 మోడలో అయితే చాలు. ఖరీదైన రకం బెల్ ఎయిర్ దొరికితే దాని క్రోమ్ పట్టీలు ఊడబీకి గ్యాసర్ చేయడానికి మనసు ఒప్పుకోదు.

కొనేముందు మోకాళ్ల మీద కూర్చుని చూడాల్సినవి: నేల రేకులు, తలుపుల కింది రాకర్ ప్యానెళ్లు, బాడీని ఫ్రేమ్‌కి బిగించే చోట్లు, డిక్కీ అడుగు, హెడ్‌లైట్ల పైభాగం. జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. డ్రైవర్ తలుపు కీళ్ల దగ్గర స్తంభం మీద వీఐఎన్ (కారు గుర్తింపు నంబరు) ప్లేటు ఉంటుంది. దాని మీది నంబరూ టైటిల్ (యాజమాన్య) కాగితం మీది నంబరూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే కారు ఎంత చవకైనా వదిలేయండి.

2. ఎంత ఎత్తాలి? ముందు లెక్క, తర్వాత రంపం

ఇక్కడే ఎక్కువమంది దారి తప్పుతారు. ముక్కు ఎంత పైకి లేస్తే అంత అసలుసిసలు గ్యాసర్ అనుకుంటారు. ఆనాటి రూలు చూడండి: క్రాంక్‌షాఫ్ట్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన కడ్డీ) మధ్యరేఖ నేలనుంచి 24 అంగుళాలకి మించకూడదు. ఇప్పుడు కార్ షోల్లో కనిపించే కొన్ని కార్లని అప్పటి అధికారులు గేటు దగ్గరే వెనక్కి పంపేవారు.

ఎత్తితే లాభం ఎంత? 3,300 పౌండ్ల కారు, బరువు కేంద్రం నేలనుంచి 22 అంగుళాల ఎత్తులో ఉంది, గురుత్వాకర్షణలో 0.6 వంతు త్వరణంతో దూసుకుపోతోంది అనుకుందాం. ముందు నుంచి వెనక్కి వచ్చే బరువు 3,300 × 0.6 × 22 ÷ 115, అంటే దాదాపు 379 పౌండ్లు. బరువు కేంద్రాన్ని మూడు అంగుళాలు పైకి లేపి 25 చేస్తే 430 పౌండ్లు. తేడా 50 పౌండ్లు, పాతిక కేజీల బియ్యం బస్తా కన్నా కాస్త తక్కువే. ఆ మాత్రం బరువు కావాలంటే బ్యాటరీని డిక్కీలోకి మార్చినా వస్తుంది.

బ్రేకు వేసినప్పుడు ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది. అప్పుడు బరువు సన్నటి ముందు టైర్ల మీదకి వచ్చి పడుతుంది. అందుకే నా పద్ధతి: టైర్లూ ఇరుసూ ఇంజనూ అన్నీ కూర్చున్నాక క్రాంక్ పుల్లీ బోల్టు మధ్యనుంచి నేలకి టేపు పెట్టి కొలవండి. 22 దగ్గర ఆగితే ఎవరూ వంక పెట్టరు, 24 దాటొద్దు.

ఇంకో సంగతి. 115 అంగుళాల కారుకి ముందువైపు 4 అంగుళాలు ఎత్తితే ఫ్రేమ్ సుమారు 2 డిగ్రీలు వెనక్కి వాలుతుంది. ఈ 2 డిగ్రీలు గుర్తుపెట్టుకోండి, చివరిదాకా వెంటాడతాయి. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు) కోణం, కార్బ్యురేటర్ మట్టం, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, ఆఖరికి హెడ్‌లైట్లు, అన్నిటినీ అది కదుపుతుంది.

3. ముందు ఇరుసు

గ్యాసర్‌కి ప్రాణం ఇక్కడ ఉంది. కంపెనీ ఇచ్చిన ముందు సస్పెన్షన్ మొత్తం తీసేసి, అడ్డంగా ఒకే ఇరుసు పెట్టి, రెండు పక్కలా కమాన్లు (పట్టీల స్ప్రింగులు) కట్టడమే పని. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పనిచేసే మేస్త్రీని తీసుకొచ్చి చూపిస్తే, "ఇందులో కొత్తేముంది, లారీకి ఉన్నదే కదా" అంటాడు. నిజమే. కమాన్లు, యూ బోల్టులు, షాకిళ్లు, కింగ్ పిన్నులు, బుష్‌లు, అన్నీ అవే. రేసర్లు కూడా దీన్ని ఎంచుకున్నది గొప్ప టెక్నాలజీ అని కాదు. తేలిక, చవక, పైగా ఇంజన్ పక్కన ఎగ్జాస్ట్ గొట్టాలకి చోటు దొరుకుతుంది.

నెబ్రాస్కాలోని స్పీడ్‌వే మోటార్స్ లాంటి చోట్ల గొట్టపు ఇరుసు, కమాన్లు, బ్రాకెట్లు కలిపి కిట్లుగా దొరుకుతాయి. పాత ఫోర్డ్ ఎకనోలైన్ వ్యాన్ ఇరుసు వాడే పద్ధతి కూడా ఉంది, ఆనాటి కుర్రాళ్లు చేసింది అదే. కిట్ ఖరీదనిపిస్తుంది గానీ కొత్త కింగ్ పిన్నులతో వస్తుంది. పాత ఇరుసు కొంటే అది వంగి ఉందో లేదో చూసుకునే బాధ్యత మీది.

పని వరస ఇలా. సమతలమైన నేల మీద, నాలుగు గట్టి స్టాండుల మీద ఫ్రేమ్‌ని నిలబెట్టండి. ఒక్క వెల్డింగ్ చుక్క పెట్టకముందే ఫ్రేమ్ మూలల నుంచి మూలలకి అడ్డంగా కొలిచి రాసుకోండి. గొట్టాల్ని తాత్కాలికంగా అడ్డుపెట్టి వెల్డ్ చేశాకే పాత భాగాలు కోయాలి, లేదంటే ఫ్రేమ్ వంకరపోయి నవ్వుతుంది. తర్వాత ఇరుసుని అసలు చక్రం మధ్య ఉన్న చోటే పెట్టండి. కావాలంటే ఒక అంగుళం ముందుకి జరపొచ్చు, చూపుకి బాగుంటుంది. వెనక్కి మాత్రం జరపొద్దు, పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఫెండర్‌కి తగులుతుంది. ఎడమ పక్క ముందు చక్రం నుంచి వెనక చక్రానికీ, కుడి పక్క అలాగే కొలిస్తే తేడా అంగుళంలో ఎనిమిదో వంతు లోపు ఉండాలి. ఇవన్నీ ముందు చిన్న చుక్క వెల్డులతోనే చేసుకుని, కారుని చక్రాల మీద దించి, మళ్లీ కొలిచి, అప్పుడు పూర్తి వెల్డింగ్. మీ వెల్డింగ్ మీద మీకే నమ్మకం లేకపోతే ఈ ఒక్క పనికి సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌ని పిలవండి. నేను పిలిచాను, సిగ్గుపడలేదు.

కమాను ముందు చివర ఫ్రేమ్‌కి కదలకుండా, వెనక చివర షాకిల్‌తో (ఊగే చిన్న లంకె) పెట్టాను. కారు బరువు పడ్డాక షాకిల్ కాస్త వెనక్కి వాలి ఉండాలి. నిట్టనిలువుగా ఉన్నా, పైకి ముడుచుకుపోయినా గతుకు తగిలినప్పుడు బిగుసుకుపోతుంది.

ఇక కోణాలు. ఇరుసు కారుకి క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం వాలు) ఇరుసులోనే ఉంటుంది, మార్చడానికి పెద్దగా ఉండదు. క్యాస్టర్, అంటే పక్కనుంచి చూస్తే కింగ్ పిన్ పైభాగం వెనక్కి వాలిన కోణం, 5 నుంచి 7 డిగ్రీలు ఉండాలి. సైకిల్ ముందు ఫోర్క్ వాలుగా ఉంటుంది కదా, చేతులు వదిలినా అది తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది. ముందు చెప్పిన 2 డిగ్రీలు ఇక్కడ కలుస్తాయి కాబట్టి, ఫ్రేమ్ సమతలంగా ఉన్నప్పుడు క్యాస్టర్ కొలిచి సంబరపడొద్దు. ఇంజనూ బాడీ అన్నీ ఎక్కాక, టైర్ల మీద నిలబడ్డాక కొలవండి. తేడా ఉంటే కమానుకీ ఇరుసుకీ మధ్య ఉక్కు చీలికలు పెట్టి సరిచేయొచ్చు. అల్యూమినియం చీలికలు నలిగిపోతాయి, యూ బోల్టు వదులవుతుంది. టో-ఇన్, అంటే ముందు చక్రాల ముందంచులు లోపలికి తిరిగి ఉండే కొలత, అంగుళంలో పదహారో వంతు నుంచి ఎనిమిదో వంతు.

షాక్ అబ్సార్బర్లు కొనేటప్పుడు ఒక మాట. పాత రేసు కార్లకి 90/10 రకం వాడేవారు. ముక్కు చటుక్కున లేస్తుంది, దిగడం నెమ్మది. స్ట్రిప్ మీద, అంటే డ్రాగ్ రేసు దారి మీద బాగుంటుంది, వీధిలో ప్రతి గతుకుకీ కారు పడవలా ఊగుతుంది. మామూలువే కొనండి.

4. స్టీరింగ్: ఇక్కడ పొదుపు చేయొద్దు

1970ల నాటి షెవ్రొలే వేగా చిన్నకారు స్టీరింగ్ బాక్సు ఈ లోకంలో చాలా పాపులర్. తేలికైన ఫోర్డ్ మోడల్ ఎ లాంటి వాటికి సరే. 3,300 పౌండ్ల షెవీకి అది చిన్నదని నా అభిప్రాయం. సాగినా 525 మాన్యువల్ బాక్సు పెట్టుకోండి, బరువు మోస్తుంది.

డ్రాగ్ లింక్ అంటే స్టీరింగ్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ. పాత పద్ధతిలో ఇది ఫ్రేమ్ పొడవునా వెళ్తుంది. గతుకు తగిలి ఇరుసు పైకీ కిందకీ కదిలినప్పుడల్లా ఈ కడ్డీ చక్రాన్ని తానే తిప్పేస్తుంది. మీరు స్టీరింగ్ ముట్టుకోకుండానే కారు పక్క లేనులోకి చూస్తుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. క్రాస్ స్టీర్ పద్ధతిలో కడ్డీ అడ్డంగా, డ్రైవర్ వైపు నుంచి అవతలి పక్క ముందు చక్రానికి వెళ్తుంది. కారు నిలబడి ఉన్నప్పుడు ఈ కడ్డీ ఇరుసుకి సమాంతరంగా ఉండాలి. ముక్కు ఎత్తేకొద్దీ బాక్సు పైకి పోయి కడ్డీ ఏటవాలైపోతుంది, ఎత్తు తగ్గించుకోమనడానికి ఇది ఇంకో కారణం. బాక్సుని ఫ్రేమ్ కింది అంచుకి దించి బిగించండి. చోటు చాలకపోతే పిట్‌మన్ ఆర్మ్ (బాక్సు నుంచి ఆ కడ్డీని కదిపే చెయ్యి) కిందికి వంగినది దొరుకుతుంది.

కమాన్ల షాకిళ్లు పక్కకి కొంచెం ఊగుతాయి. క్రాస్ స్టీర్ పెడితే ఆ ఊగు నేరుగా స్టీరింగ్ లోకి వస్తుంది. దానికి విరుగుడు పాన్‌హార్డ్ బార్, ఫ్రేమ్ నుంచి ఇరుసుకి అడ్డంగా ఇంకో కడ్డీ. పొడవూ వాలూ డ్రాగ్ లింక్‌తో సమానంగా పెట్టండి, రెండూ జంటగా కదులుతాయి. కమాన్లు ఉంటే ఇది అక్కర్లేదనేవాళ్లు ఉన్నారు. నేను మొదట అలాగే తిరిగాను. తర్వాత బార్ పెట్టాక నా భార్య కూడా కారెక్కడం మొదలుపెట్టింది, ఇంతకన్నా ఋజువు నా దగ్గర లేదు.

డెత్ వాబుల్ అనేది ఒకటుంది. 40 మైళ్ల వేగంలో చిన్న గతుకు తగులుతుంది, ముందు చక్రాలు రెండూ కుక్క తోక ఆడించినట్టు అటూ ఇటూ కొట్టుకోవడం మొదలుపెడతాయి, కారు ఆగేదాకా ఆగదు. నాకు ఒక్కసారి వచ్చింది, చేతులు అరగంట వణికాయి. దాని వెనక మామూలుగా ఉండేవి అరిగిన కింగ్ పిన్ బుష్‌లు, వదులైన టై రాడ్ (రెండు ముందు చక్రాలనీ కలిపే కడ్డీ) చివరలు, క్యాస్టర్ తక్కువవడం, బ్యాలెన్స్ లేని టైరు. చాలామంది స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి కొని బిగించేసి పని అయిపోయిందనుకుంటారు. డ్యాంపర్ మంచిదే, కానీ ముందు ఆ వదులంతా తీసేశాకే అది పెట్టాలి. లేకపోతే జ్వరానికి మందు వేయకుండా థర్మామీటర్ దాచేసినట్టు.

5. బ్రేకులు

1955లో వచ్చిన మాస్టర్ సిలిండర్‌లో నాలుగు చక్రాలకీ ఒకటే గది. ఎక్కడ లీకైనా నాలుగూ పోతాయి. దాన్ని తీసి పక్కన పెట్టి, రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయండి. ఇందులో చర్చ లేదు.

ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు చాలు. పెద్ద క్యామ్ ఉన్న ఇంజన్‌లో వ్యాక్యూమ్ సరిపోదు, దాని మీద నడిచే బ్రేకు బూస్టర్ పనిచేయదు. అందుకని చేతిబలం, అదే కాలిబలం బ్రేకులే. పెడల్ నిష్పత్తి 6:1 దగ్గర, మాస్టర్ బోరు ఒక అంగుళం లేదా అంతకన్నా కాస్త చిన్నది అయితే కాలు నొప్పెట్టదు. వెనక లైన్లో సర్దుబాటు చేసుకునే ప్రొపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకుల ఒత్తిడి తగ్గించేది) తప్పకుండా పెట్టండి. ముందు టైరు సన్నం, వెనక టైరు వెడల్పు, పైగా బ్రేకు వేయగానే వెనకభాగం తేలికవుతుంది. దీన్ని ఖాళీ పార్కింగ్ లాట్‌లో, ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఒక క్షణం ముందు జారేదాకా కొంచెం కొంచెంగా తిప్పి సరిచేసుకోవాలి. వెనక చక్రాలు ముందు జారితే కారు గిరగిరా తిరుగుతుంది.

6. వెనక ఇరుసు, గేర్ నిష్పత్తి

ఆనాటి చూపు కావాలంటే 1957-64 ఓల్డ్స్‌మొబీల్, పాంటియాక్ ఇరుసులు. బుద్ధిగా ఉండాలంటే ఫోర్డ్ 9 అంగుళాలది. షెవీలో ఫోర్డ్ భాగం ఏంటని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి, అప్పటి రేసర్లే పట్టించుకోలేదు.

గేర్ విషయంలో సూత్రం ఒకటి నేర్చుకోండి. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, అంటే ఆర్‌పీఎమ్: మైళ్ల వేగం × గేర్ × 336 ÷ టైరు ఎత్తు అంగుళాల్లో. 29 అంగుళాల టైరు, 4.56 గేర్, 70 మైళ్ల వేగం అనుకుంటే ఇంజన్ దాదాపు 3,700 ఆర్‌పీఎమ్‌లో ఏడుస్తూ ఉంటుంది. పక్క సీటువాళ్లతో మాట్లాడాలంటే అరవాలి. 3.70 గేర్ పెడితే 3,000 దగ్గర తేలికవుతుంది. రెండూ కావాలంటే 4.56 ఉంచి, 0.68 ఓవర్‌డ్రైవ్ ఉన్న ఐదు గేర్ల ట్రెమెక్ బాక్సు పెట్టండి, అప్పుడు 2,500. ఖరీదైన పరిష్కారమే, కానీ హైవే మీద తిరగాలనుకుంటే ఇదొక్కటే నాకు నచ్చింది.

ల్యాడర్ బార్లు, అంటే ఇరుసు నుంచి ముందుకి నిచ్చెనలా వచ్చే కడ్డీలు, గ్యాసర్‌కి బొట్టులాంటివి. కానీ కమాన్లు ఒక వృత్తంలో, బార్లు ఇంకో వృత్తంలో కదలాలని చూస్తాయి, మలుపులో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇరుసు దగ్గర కమాను స్వేచ్ఛగా తిరిగే ఫ్లోటర్లో, లేదా బార్ ముందు చివర షాకిలో లేకపోతే కొన్నాళ్లకి బ్రాకెట్లు చిట్లుతాయి. స్ట్రిప్‌కి వెళ్లే ఆలోచన లేకపోతే చిన్న ట్రాక్షన్ బార్లు చాలు. పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగిసే వెనక ఇరుసు గేరు) కోణం కూడా ఇప్పుడే చూడండి. ముక్కు లేవడంతో గేర్‌బాక్సు తోక ఎంత కిందికి వాలిందో పినియన్ ముక్కు అంత పైకి లేచి, రెండూ సమాంతరంగా ఉండాలి. లేకపోతే 50 దాటగానే నేల వణుకుతుంది.

7. టైర్లు, చక్రాలు

అంచుల్లో కజ్జికాయ మడతల్లాంటి గీతలున్న ఎం అండ్ హెచ్ రేస్‌మాస్టర్ స్లిక్కులు (నున్నటి రేసు టైర్లు) చూడ్డానికి ఎంత బాగుంటాయో, రోడ్డు మీద అంత నేరం. గాళ్లు లేని స్లిక్కు వీధికి చట్టబద్ధం కాదు. రెండు మూడు గాళ్లు కోసి డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర వేసిన చీటర్ స్లిక్కులు దొరుకుతాయి. చట్టానికి సరే, వానకి సరికాదు. టెక్సాస్‌లో వాన చెప్పి రాదు. నేను మొదటి చినుకుకే బండి పక్కకి ఆపి, పెట్రోలు బంకు కప్పు కింద నిలబడతాను. తెలుగువాడిని కాబట్టి బంకువాడితో కబుర్లు చెబుతూ గంట గడిపేయగలను.

ముందు 15×4 చక్రం, సన్నటి టైరు. కొనేముందు టైరు పక్క రాసిన లోడ్ రేటింగ్ చదవండి. ముందు ఇరుసు మీద 1,700 పౌండ్లుంటే ఒక్కో టైరుకి 850, గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 200 కలుస్తాయి. బయాస్ టైర్లనీ రేడియళ్లనీ కలిపి వాడొద్దు, నాలుగూ ఒకే జాతి ఉండాలి. చక్రాల డిజైన్ మీ ఇష్టం, టార్క్ థ్రస్ట్ అయితే ఎప్పటికీ తప్పు కాదు.

8. ఇప్పుడు ఇంజన్

మీరు ఇంతదాకా వచ్చారంటే ఇంజన్ మాట ఎత్తే హక్కు వచ్చింది. 1962-69 నాటి 327 స్మాల్ బ్లాక్ దొరికితే అదృష్టం, 350 అయినా బయటినుంచి ఎవరూ కనిపెట్టలేరు. ఇనుప హెడ్లతో కంప్రెషన్ 9.5:1 దగ్గర ఆపితే బంకులో దొరికే 93 ఆక్టేన్ సరిపోతుంది.

పైన ఏముండాలి? ఎత్తైన టన్నెల్ రామ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల దిమ్మ) మీద రెండు కార్బ్యురేటర్లు నా ఎంపిక. 327 ఇంజన్ 6,500 ఆర్‌పీఎమ్‌లో మింగగలిగే గాలి 327 × 6,500 ÷ 3,456, అంటే దాదాపు 615 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి క్యూబిక్ అడుగులు). అందుకని రెండు 450 సీఎఫ్‌ఎమ్ హోలీ కార్బ్యురేటర్లు చాలు, రెండు 660లు కొని సిగ్నల్ దగ్గర దగ్గుతూ నిలబడొద్దు. ఇక్కడ కూడా ఆ 2 డిగ్రీలు: కార్బ్యురేటర్ వెనక్కి వాలితే ఫ్లోట్ గదిలో పెట్రోలు మట్టం మారుతుంది. వాలు సరిచేసే పలక ఒకటి కింద పెట్టండి.

6-71 బ్లోయర్ మీద మోజున్నవాళ్లకి ఒక చిన్న చరిత్ర. అది రేసుల కోసం పుట్టలేదు. జీఎం టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజన్లలోకి గాలి తోయడానికి చేసింది. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 క్యూబిక్ అంగుళాలు, పేరంతా అదే. పెట్టుకోవాలంటే కంప్రెషన్ 8:1 దాకా దించాలి, హుడ్ కోయాలి, డ్రైవర్ ముందు దారి సగం కనిపించదు. మా వీధిలో పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, నేను వద్దనుకున్నాను.

ఇంజన్‌ని వెనక్కి జరపడం గురించి కూడా అడుగుతారు. పాత రూలు వీల్‌బేస్‌లో 10 శాతం అనుమతించేది, ఈ కారుకి 11.5 అంగుళాలు. అంటే ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ మనకీ మధ్య రేకు గోడ) కోయాలి, కాళ్ల దగ్గర వేడి, డిస్ట్రిబ్యూటర్ చేతికందదు. అసలు చోటే ఉంచండి.

ఫెండర్ లోపలి రేకులోంచి బయటికొచ్చే హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు) తప్పనిసరి, చివర మఫ్లర్లు కూడా తప్పనిసరి. పెద్ద రేడియేటర్, ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలి మళ్లించే తొడుగు). గ్రిల్ ముందు ఉండే గుండ్రటి మూన్ ట్యాంకులో పెట్రోలు పోయకండి. ఎదురుగా గుద్దుకుంటే మొదట పగిలేది అదే. నేను దాన్ని రేడియేటర్ పొంగు నీళ్లకి వాడుతున్నాను.

క్లచ్ కారు అయితే క్లచ్ చుట్టూ ఉక్కు స్కాటర్ షీల్డ్ (కాపు తొడుగు), ఎస్‌ఎఫ్‌ఐ 6.1 భద్రతా ముద్ర ఉన్నది. అప్పట్లో క్లచ్, ఫ్లైవీల్ పేలి పాదాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ముక్కలు నేల రేకుని కాగితంలా కోసుకుంటూ పైకి వస్తాయి. దాంతోపాటు ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు జాయింట్‌కి 6 అంగుళాల లోపు ఒక ఉక్కు లూప్. డిక్కీలో బ్యాటరీకి సీల్ వేసిన పెట్టె, బయటికి గాలిగొట్టం, వెనక బంపర్ దగ్గర మెయిన్ స్విచ్.

9. లోపల, బయట, కాగితాలు

ముందు అద్దం పగిలినా ఊడిరాని లామినేటెడ్ అద్దమే ఉండాలి. పక్క కిటికీలకి రంగు ప్లాస్టిక్ ఆనాటి సోకు, రాత్రి ఏమీ కనిపించదు. రోల్ బార్ పెడితే తలకి తగిలే చోట మెత్త కట్టండి, వీధిలో హెల్మెట్ ఉండదు కదా. స్ట్రిప్‌లో క్వార్టర్ మైలు 11.49 సెకన్లకో అంతకన్నా త్వరగానో పూర్తయితే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ రోల్ బార్ అడుగుతుంది.

తలుపు మీద పేరు చేత్తో రాయించండి, స్టిక్కర్ వద్దు. నా కారు పేరు గిత్త. పెయింటర్‌కి తెలుగు రాదు, నేను పెద్ద కాగితం మీద రాసిచ్చాను, ఆయన చిల్లులు పొడిచి పొడి అద్ది అచ్చు దింపుకుని ఎనామెల్‌తో గీశాడు. త వత్తు దగ్గర మాత్రం మూడుసార్లు అడిగాడు, ఇది చుక్కా, తోకా అని.

టెక్సాస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ తీసేశారు. 24 ఏళ్లు దాటిన కార్లకి పొగ పరీక్ష అంతకుముందే లేదు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు పెట్రోలు కార్లకి స్మాగ్ తనిఖీ లేదు. బంపర్ ఎత్తు, ఫెండర్ల రూళ్లు రాష్ట్రానికో రకం, మీ రాష్ట్రం రూలు చదివాకే ఇరుసు కొనండి. ఇన్సూరెన్స్ అగ్రీడ్ వాల్యూ (కారు విలువ ముందే ఒప్పుకునే) పద్ధతిలో తీసుకోండి, ఖర్చు పెట్టిన బిల్లులన్నీ దాచుకోండి. మామూలు పాలసీ కంపెనీకి మీ కారు 70 ఏళ్ల పాత ఇనుము.

10. మొదటి మైళ్లు

మొదటి రోజు వీధి చివరిదాకా, 20 మైళ్ల వేగం దాటకుండా. తిరిగొచ్చి కిందకి దూరి ఎక్కడైనా తడి ఉందా చూడండి. రెండో రోజు 35, ఖాళీ రోడ్డు మీద ఒక క్షణం స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని అది తానే మధ్యకి వస్తోందా చూడండి. రాకపోతే క్యాస్టర్ చాలలేదు, ఇంటికి వచ్చేయండి, వేగం పెంచొద్దు. కొత్త కమాన్లు మొదటి వారంలో సర్దుకుంటాయి కాబట్టి 100 మైళ్లకి యూ బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచితో బిగించాలి, 500కి ఇంకోసారి. కింగ్ పిన్నులకి గ్రీజు అప్పుడే కొట్టండి, ముందు చక్రాలు గాల్లోకి లేపి కొడితేనే లోపలిదాకా పోతుంది.

రాత్రి బయటికెళ్లే ముందు 25 అడుగుల దూరంలో గోడకి ఎదురుగా కారు నిలబెట్టి హెడ్‌లైట్లు వెయ్యండి. ముక్కు లేచిన ఆ 2 డిగ్రీలకి అక్కడ వెలుగు 10 అంగుళాలు పైకి పోతుంది. నేను ఇది మర్చిపోయి వారం తిరిగాను. ఎదురొచ్చిన ప్రతి కారూ నాకు డిమ్ కొడుతుంటే, గిత్తని చూసి మురిసిపోతున్నారనుకుని చెయ్యి ఊపాను.